హెచ్.ఐ.వి. చికిత్స తరువాత శరీరం ఎలా కోలుకుంటుంది?

హెచ్.ఐ.వి. సోకిన వ్యక్తి క్రమం తప్పక మందులు వాడితే, సాధారణంగా ఆరు నెలల లోపున రక్తంలోని వైరస్ పరీక్షకు అందనంత స్వల్ప స్థాయికి తగ్గిపోతుంది. ఆకలి పుడుతుంది, తగ్గిన బరువు తిరిగి వస్తుంది, పొలం పనికి పోగలిగిన ఓపిక కలుగుతుంది. చికిత్స ఆగిపోయే ప్రమాదం కూడా సరిగ్గా ఈ దశలోనే ఏర్పడుతుంది. “మనిషి బాగుపడ్డాడు కదా, ఇంకా మాత్రలెందుకు?” అని ఇంట్లో వారే అడగడం కద్దు.

వైరస్ అణగడం ఒక విషయం. రోగనిరోధక శక్తి తిరిగి రావడం మరొక విషయం. శరీరపు జీవక్రియ సర్దుకోవడం మూడవది. మొదటిది నెలలలో జరుగుతుంది, రెండవదానికి సంవత్సరాలు పడుతుంది, మూడవదానిని జీవితకాలం కనిపెట్టి ఉండవలసిందే. ఈ మూడింటి నడక వేరువేరని తెలిస్తే, మాత్రలు ఎందుకు మానరాదో, బాగున్న మనిషికి కూడా రక్తపరీక్షలు ఎందుకో సులభంగా బోధపడుతుంది.

చికిత్స వచ్చిన క్రమం

భారతదేశంలో హెచ్.ఐ.వి.ని మొట్టమొదట 1986లో మద్రాసులో గుర్తించారు. మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల ఆ పరీక్షలకు పూనుకున్నారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వసాగింది. వ్యాధి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలకు, ఢిల్లీకి తొలి ప్రాధాన్యం లభించింది. ఆ ఆరింటిలో నాలుగు ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర. అంటే తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన సరిహద్దు ప్రాంతాలలో అధికభాగం మొదటి నుంచీ ఈ కార్యక్రమం పరిధిలోనే ఉన్నది.

తొలినాళ్లలో రోగనిరోధక కణాలు బాగా క్షీణించిన తరువాతే మందు మొదలుపెట్టేవారు. ఆ పరిమితిని అంచెలంచెలుగా సడలించి, 2017 నుంచి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా చికిత్స ఇస్తున్నారు. ఈ మార్పునకు ముఖ్యాధారం 2015లో వెలువడిన ‘స్టార్ట్’ అధ్యయనం. 35 దేశాలలో 4,685 మందిపై జరిగిన ఆ పరిశీలనలో, కణాలు 500కు పైగా ఉండగానే మందు ప్రారంభించిన వారిలో తీవ్ర వ్యాధులు, మరణాలు, ఆలస్యంగా ప్రారంభించిన వారికంటే 57 శాతం తక్కువగా కనిపించాయి.

వైరస్ వలన శరీరానికయ్యే వ్యయం

తిన్న ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడం, ఆ శక్తితో కణాలను నిర్మించుకోవడం, మిగిలినదానిని కొవ్వుగా నిలువ చేసుకోవడం, ఈ మొత్తం వ్యవహారానికి జీవక్రియ అని పేరు. రోగనిరోధక వ్యవస్థకు కూడా ఇంధనం కావాలి. హెచ్.ఐ.వి. సోకినప్పుడు ఆ ఖర్చు అమితంగా పెరుగుతుంది.

1996లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారం, చికిత్స లేని వ్యక్తి శరీరంలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతుంటాయి. వైరస్‌ను ఉత్పత్తి చేసే కణం సగటున సుమారు రెండు రోజులే బతుకుతుంది. చనిపోయిన కణాల స్థానంలో శరీరం నిరంతరం కొత్తవాటిని తయారు చేస్తూనే ఉండాలి. పైకి ఏ జబ్బూ కనిపించని సంవత్సరాలలో సైతం లోపల ఈ యుద్ధం సాగుతూనే ఉంటుంది.

అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక లెక్క చెప్పింది. లక్షణాలు లేని పెద్దవారికి మామూలు కంటే 10 శాతం, లక్షణాలు ఉన్నవారికి 20 నుంచి 30 శాతం అధికంగా ఆహారశక్తి అవసరమని, బరువు తగ్గిపోతున్న పిల్లలకు 50 నుంచి 100 శాతం వరకు అధికంగా కావలసి ఉంటుందని ఆ సంస్థ పేర్కొన్నది. నోటిపూత, విరేచనాలు, అరుచి వలన తినేది తగ్గుతుంది. కావలసినది పెరుగుతుంది. ఈ రెండింటి నడుమ మనిషి కండ కరిగిపోతుంది. పూర్వం ఈ వ్యాధిగ్రస్తులు ఎముకల గూడుగా మారడానికి కారణమిదే.

కణంలోని నిప్పు

రోగనిరోధక వ్యవస్థకు సేనాపతుల వంటివి సీడీ4 కణాలు. శత్రువును గుర్తించి తక్కిన కణాలను పనికి పురికొల్పడం వీటి బాధ్యత. హెచ్.ఐ.వి. ప్రధానంగా వీటినే ఆశ్రయిస్తుంది.

విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణం దాలిలో పెట్టిన పిడక వంటిది. కొద్ది ఇంధనంతో సన్నగా, చాలాకాలం కాలుతుంది. కణంలోని మైటోకాండ్రియా అనే శక్తికేంద్రాలు ఆ పని నిదానంగా సాగిస్తాయి. శత్రువు ఎదురైనప్పుడు అదే కణం ఎండుగడ్డి మంటలా మారుతుంది. గ్లూకోజును వేగంగా లోనికి తీసుకొని, వేగంగా ఖర్చు చేసి, తన వంటి కణాలను అనేకం సృష్టిస్తుంది. పని ముగిసిన తరువాత మళ్లీ విశ్రాంతి స్థితికి చేరుకోవాలి.

హెచ్.ఐ.వి. సోకిన వారిలో కణాలకు ఈ విశ్రాంతి కరువవుతుంది. పైగా ఇంధనం ఎక్కువగా వాడుతున్న కణాలలోనే వైరస్ సులభంగా వృద్ధి చెందుతుందని పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు 2019లో చూపారు. అంటే శరీరం ఎంత ఉద్రేకంతో పోరాడితే వైరస్‌కు అంత అనువైన ఇల్లు దొరుకుతుంది. నిరంతరం మండిన కణాలు చివరకు అలసిపోయి, సంఖ్యలో ఉన్నా పనికి రాకుండా పోతాయి.

మందులు వైరస్ సంతానాన్ని నిలిపివేస్తాయి. కొత్త కణాలకు సోకడం ఆగిపోతుంది. అప్పుడు మాత్రమే కణాలకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి లభిస్తుంది.

సీడీ4 సంఖ్య తిరిగి పెరిగే విధం

ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు సుమారు 500 నుంచి 1,500 వరకు సీడీ4 కణాలుంటాయి. 200 కంటే తగ్గితే క్షయ, ఒక రకమైన న్యుమోనియా, మెదడు పొరలకు శిలీంధ్రం వలన వచ్చే జ్వరం వంటివి దాడి చేసే ప్రమాదం తీవ్రమవుతుంది.

చికిత్స ప్రారంభమైన తొలి రెండు మూడు నెలలలో సంఖ్య త్వరగా పెరుగుతుంది. ఇందులో ఎక్కువ భాగం కొత్తగా పుట్టిన కణాలు కావు. వైరస్‌తో పోరుకై లింఫు గ్రంథులలో చిక్కుకొని ఉన్న పాత కణాలు తిరిగి రక్తంలోకి ప్రవేశిస్తాయి. ఆ తరువాత పెరుగుదల నెమ్మదిస్తుంది. ఇక రావలసినవి ఏ శత్రువునూ ఎరుగని కొత్త కణాలు. అవి రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ అనే గ్రంథిలో తయారవుతాయి. బాల్యంలో పెద్దదిగా ఉండే ఈ గ్రంథి వయసుతో పాటు కుంచించుకుపోతుంది. అందువలన ఒకే రోజున మందు మొదలుపెట్టిన తండ్రికీ కుమారునికీ కణాలు ఒకే వేగంతో పెరగవు. మందులలో లోపం లేకున్నా ఈ తేడా ఉంటుంది.

సగటున మొదటి సంవత్సరంలో 50 నుంచి 150 వరకు, ఆపైన ఏటా కొంత చొప్పున కణాలు పెరుగుతాయి. 350 వద్ద మొదలుపెట్టిన వ్యక్తి కొద్ది సంవత్సరాలలో మామూలు స్థాయికి చేరవచ్చు. 40 వద్ద మొదలుపెట్టిన వ్యక్తికి చాలా కాలం పడుతుంది, ఒక్కొక్కసారి పూర్తిగా చేరుకోకపోవచ్చు కూడా. వైరస్ పూర్తిగా అణగి ఉన్నా కొందరిలో కణాలు ఒక స్థాయికి మించి పెరగవు. వయసు మళ్లినవారు, బాగా ఆలస్యంగా చికిత్సకు వచ్చినవారు వీరిలో అధికులు. ఇటువంటి వారు నిరాశతో మందు మానడం అత్యంత ప్రమాదకరం. ఉన్న కణాలనైనా కాపాడుతున్నది ఆ మందే.

వైరస్ మాత్రం సంపూర్ణంగా పోదు. విశ్రాంతిలో ఉన్న కొన్ని కణాల జన్యుపదార్థంలో అది నిద్రాణమై దాగి ఉంటుంది. అలా దాగిన కణాలు సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్కించారు. ఆ లెక్కన మొత్తం తొలగిపోవడానికి ఒక మనిషి ఆయుర్దాయం చాలదు. మందు ఆపిన కొద్ది వారాలలోనే దాగినది మళ్లీ లేచి వస్తుంది. 2006లో వెలువడిన ‘స్మార్ట్’ అధ్యయనంలో 5,472 మందిని పరిశీలించారు. కణాలు పెరిగినప్పుడు మందు ఆపి, తగ్గినప్పుడు తిరిగి ఇచ్చిన వారిలో అవకాశవాద వ్యాధులు, మరణాలు రెండున్నర రెట్లకు పైగా కనిపించాయి. గుండె, కాలేయ, మూత్రపిండ వ్యాధులు కూడా వారిలోనే అధికమయ్యాయి. దానితో విరామ చికిత్స అనే ఆలోచనకు వైద్యలోకం స్వస్తి చెప్పింది.

తొలి వారాలలో జ్వరం వస్తే

చికిత్స మొదలైన కొద్ది వారాలకు కొందరికి జ్వరం, మెడలో బిళ్లలు, దగ్గు, ఆయాసం హఠాత్తుగా కనిపిస్తాయి. “మందు పడలేదు” అని కుటుంబం భావిస్తుంది. చాలా సందర్భాలలో జరిగేది వేరు. అంతకుముందే శరీరంలో క్షయ క్రిమి వంటిది దాగి ఉంటుంది. దానిని ఎదిరించే బలం లేనందున శరీరం మౌనంగా ఉన్నది. కొత్త బలం రాగానే ఆ క్రిమిపై ఒక్కుమ్మడిగా విరుచుకుపడుతుంది. ఆ పోరు వలన కలిగే వేడి, వాపు రోగికి జ్వరంగా తెలుస్తాయి. వైద్యులు దీనిని రోగనిరోధక పునరుద్ధరణలో కలిగే ప్రతిచర్యగా పరిగణిస్తారు. కణాలు బాగా తక్కువగా ఉన్నప్పుడు మందు మొదలుపెట్టిన వారిలో, ఎక్కువగా తొలి మూడు నెలలలో ఇది సంభవిస్తుంది.

ఇటువంటప్పుడు సొంత నిర్ణయంతో మాత్రలు ఆపరాదు. ఆలస్యం చేయక ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లాలి. దాగిన వ్యాధికి చికిత్స చేస్తూనే, అవసరమైతే వాపును తగ్గించే మందులు ఇస్తారు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, చూపు మందగించడం, మాట తడబడటం కనిపిస్తే అదే రోజున ఆసుపత్రికి చేర్చాలి.

ఈ కారణంగానే మందు మొదలుపెట్టే ముందు క్షయకై పరిశీలిస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా దాచక చెప్పాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారి మరణాలకు క్షయ ముఖ్య కారణం. క్షయ లేదని తేలితే అది రాకుండా నివారణ మందు ఇస్తారు. దానిని కూడా పూర్తికాలం వాడవలసిందే.

వైరస్ అణగినా చల్లారని మంట

వైరస్ పరీక్షకు అందకపోయినా శరీరంలో సన్నని మంట మిగిలి ఉంటుంది. దీని మూలాలలో ఒకటి ప్రేగు. శరీరంలోని రోగనిరోధక కణాలలో పెద్ద భాగం ప్రేగు గోడల వెంటనే ఉంటుంది. హెచ్.ఐ.వి. సోకిన తొలి వారాలలోనే అక్కడి సీడీ4 కణాలు విపరీతంగా నశిస్తాయి. గోడ బలహీనపడి, ప్రేగులో ఉండవలసిన సూక్ష్మజీవుల శకలాలు రక్తంలోకి జారుతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి నిత్యం ఉద్రేకపడుతూ ఉంటుంది. 2006లో ప్రచురితమైన పరిశోధనలు ఈ విషయాన్ని వెల్లడించాయి. చికిత్సతో రక్తంలోని కణాలు పెరిగినంత వేగంగా ప్రేగు గోడలోని కణాలు కోలుకోవు.

ఏళ్ల తరబడి సాగే ఈ సన్నని మంట రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ఇతరులకంటే అధికంగా రావడానికి ఇది ఒక కారణం. 2023లో వెలువడిన ‘రిప్రీవ్’ అధ్యయనంలో భారతదేశంతో సహా 12 దేశాల నుంచి, 40 నుంచి 75 ఏళ్ల వయసు గల 7,769 మంది పాల్గొన్నారు. కొవ్వును తగ్గించే పిటావాస్టాటిన్ అనే మాత్ర వాడిన వారిలో గుండె, రక్తనాళాల తీవ్ర ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. నలభై దాటినవారు ఈ విషయమై వైద్యుని సంప్రదించడం మంచిది.

మాత్ర కంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. డెన్మార్కులో చికిత్స పొందుతున్నవారిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పొగతాగేవారు హెచ్.ఐ.వి. వలన కోల్పోయే ఆయుష్షు కంటే పొగ వలన కోల్పోయే ఆయుష్షు రెట్టింపునకు మించి ఉన్నది. బీడీ, చుట్ట, సిగరెట్టు మానడం ఏ ఆసుపత్రీ రాసివ్వనక్కరలేని చికిత్స.

పాత మందులు, కొత్త మందులు: కొవ్వు, చక్కెర, బరువు

2004లో ఉచిత చికిత్స మొదలైనప్పుడు ఎక్కువగా స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ అనే మూడు మందుల కలయికను ఇచ్చేవారు. అవి అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపాయి. అయితే స్టావుడిన్ కణంలోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. చెంపలు లోతుకు పోవడం, కాళ్లు చేతులు సన్నబడి నరాలు తేలడం, అరికాళ్లలో మంటలు, తిమ్మిరి దాని దుష్ఫలితాలు. అరుదుగా రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకొని ప్రాణాపాయం కలిగేది. ముఖం చూసి ఊరివారు వ్యాధిని పసిగట్టేవారన్న భయంతో కొందరు మందే మానుకున్నారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా తొలగించాలని సూచించింది. నేడు అది వాడుకలో లేదు. అప్పుడు పోయిన చెంపల కొవ్వు మందు మారిన తరువాత కూడా నెమ్మదిగా, కొంతమేరకే తిరిగి వస్తుంది.

నేడు అత్యధికులకు టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్రను రోజుకొకటి చొప్పున ఇస్తున్నారు. 2017లో ఈ మాత్రను పేద దేశాలకు ఒక్కొక్క రోగికి ఏడాదికి 75 డాలర్ల ధరకు అందించే ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో హైదరాబాదు కేంద్రంగా గల అరబిందో ఫార్మా ఒక భాగస్వామి. ఈ మాత్ర వైరస్‌ను త్వరగా అణచివేస్తుంది, మునుపటి దుష్ఫలితాలు చాలా తక్కువ.

అయినా కొన్ని విషయాలు కనిపెట్టి ఉండాలి. మొదటిది బరువు. జబ్బుతో చిక్కిన మనిషి తొలి ఏడాదిలో పుంజుకోవడం ఆరోగ్య చిహ్నం. ఆ తరువాత కూడా నడుము చుట్టుకొలత పెరుగుతూ పోతే అది వేరు సంగతి. దక్షిణాఫ్రికాలో జరిగి 2019లో వెలువడిన ‘అడ్వాన్స్’ అధ్యయనంలో, నేడు మన దేశంలో ఇస్తున్నటువంటి కలయిక వాడినవారు 48 వారాలలో సగటున సుమారు మూడు కిలోలు పెరిగారు. పాత ఎఫావిరెంజ్ వాడినవారు రెండు కిలోల లోపే పెరిగారు. స్త్రీలలో పెరుగుదల అధికంగా కనిపించింది. రెండవది చక్కెర. కొద్దిమందిలో డొలుటెగ్రావిర్ మొదలైన తరువాత రక్తంలో చక్కెర పెరుగుతుంది. అతిదాహం, అతిమూత్రం, కారణం లేకుండా చిక్కిపోవడం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించాలి. మూడవది మూత్రపిండాలు, ఎముకలు. టెనోఫోవిర్ వాడేవారికి అప్పుడప్పుడు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష అవసరం.

ఇవి మందుకు భయపడవలసిన విషయాలు కావు. బరువు, రక్తపోటు, చక్కెర తరచు చూసుకుంటే సరిపోతుంది.

ఆహారం

ఈ వ్యాధికి ప్రత్యేక పథ్యం ఏదీ లేదు. ఖరీదైన పొడులు, డబ్బా పానీయాలు కొనవలసిన అవసరమూ లేదు. బరువు తక్కువగా ఉన్నవారు రోజుకు మూడు పూటల భోజనానికి తోడు రెండుసార్లు చిరుతిండి తీసుకోవాలి. రాగి సంగటి, జొన్న రొట్టె, కందిపప్పు, పెసలు, ఉలవలు, వేరుసెనగ పప్పు, కోడిగుడ్డు, చేప, పెరుగు, మునగాకు, తోటకూర, జామ, బొప్పాయి, ఇవన్నీ మన పల్లెలలో దొరికేవే. వేరుసెనగ, బెల్లం కలిపిన ఉండ తక్కువ ఖర్చుతో ఎక్కువ శక్తినిస్తుంది. తిరిగి బలపడుతున్న మనిషికి కండ కూడా రావాలంటే ఆహారంతో పాటు నడక, పని అవసరం.

బరువు మామూలు స్థాయికి చేరిన తరువాత లెక్క మారుతుంది. అప్పుడు అదనపు చిరుతిండి తగ్గించి, నూనె వేపుళ్లు, తీపి, తెల్ల అన్నపు మోతాదు అదుపులో ఉంచాలి. చిక్కినప్పటి భోజనమే పదేళ్లు కొనసాగిస్తే చక్కెర వ్యాధి వెంటబడుతుంది.

కణాలు తక్కువగా ఉన్నంతకాలం కాచి చల్లార్చిన నీరు, బాగా ఉడికిన మాంసం, గుడ్లు మాత్రమే తీసుకోవాలి. మద్యం కాలేయాన్ని దెబ్బతీయడమే కాక మాత్ర వేసుకొనే వేళను మరపిస్తుంది.

ఇతర మందులతో జాగ్రత్త

డొలుటెగ్రావిర్ కడుపులో కాల్షియం, ఇనుము, గ్యాసుకు వాడే కొన్ని మందులతో కలిస్తే రక్తంలోకి సరిగా చేరదు. వాటికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తరువాత గాని ఈ మాత్ర వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలను భోజనంతో పాటు అయితే దీనితో కలిపి వేసుకోవచ్చు. గర్భవతులకు ఇనుము మాత్రలు ఇస్తారు కనుక ఈ విషయం వారికి మరీ ముఖ్యం.

చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు రక్తంలో ఈ మాత్ర వలన పెరుగుతుంది. సాధారణంగా రోజుకు 1,000 మిల్లీగ్రాములకు మించకుండా చూస్తారు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు డొలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇవ్వవలసి ఉంటుంది. కావున ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఏ.ఆర్.టి. వాడుతున్న సంగతి చెప్పాలి. హెపటైటిస్-బి కూడా ఉన్నవారు మందు హఠాత్తుగా ఆపితే కాలేయం తీవ్రంగా వాచే అవకాశం ఉన్నది. నాటు మందును నమ్మి ఏ.ఆర్.టి. మానడం ప్రాణాంతకం.

ఒక పూట మాత్ర మరచిపోతే ఆ రోజే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవాలి. మరునాడు రెండు కలిపి వేసుకోరాదు.

పరీక్షా పత్రంలో చూడవలసిన అంకెలు

పత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. బళ్లారిలో ఇచ్చినా, హోసూరులో ఇచ్చినా, రాయగడలో ఇచ్చినా, చంద్రపూరులో ఇచ్చినా అందులోని అంకెల అర్థం ఒక్కటే.

సీడీ4: ఇది పెరగాలి. ప్రారంభంలో ఆరు నెలలకొకసారి చూస్తారు. 350 దాటి, వైరస్ అణగి ఉంటే తరచు చూడవలసిన పని లేదు. అలసట, జలుబు వంటి చిన్న కారణాలకు కూడా ఈ సంఖ్య కొంత హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఒక్కసారి తగ్గినంత మాత్రాన ఆందోళన చెందనక్కరలేదు.

వైరల్ లోడ్: ఇది తగ్గాలి. మందు మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపైన ఏడాదికొకసారి ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. మిల్లీలీటరుకు 1,000 కంటే ఎక్కువగా ఉంటే మాత్రలు సరిగా వాడుతున్నారా అని విచారించి, కొద్ది నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గకపోతే మందుల కలయిక మారుస్తారు. పరీక్షకు అందనంత స్థాయిలో నిలకడగా ఉన్నవారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా జీవిత భాగస్వామికి వ్యాధి సోకదని పెద్ద అధ్యయనాలలో రుజువైనది.

వీటితో పాటు బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ అంకెలను ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసుకుంటే, ఊరు మారినా కొత్త వైద్యునికి చరిత్ర మొత్తం తెలుస్తుంది.

సరిహద్దు దాటే కుటుంబాలు

పంట కోతకు, ఇటుక బట్టీలకు, కట్టడాల పనికి రాష్ట్రం దాటి వెళ్లే కుటుంబాలలో మందు ఆగిపోవడానికి ముఖ్య కారణం దూరం. ఈ కార్యక్రమం దేశమంతటికీ ఒక్కటే. కర్ణాటకలో పేరు నమోదైన వ్యక్తి అనంతపురానికి, ఒడిశాలో నమోదైన వ్యక్తి శ్రీకాకుళానికి బదిలీ చేయించుకోవచ్చు. బయలుదేరే ముందు తన కేంద్రంలో చెప్పి బదిలీ పత్రం తీసుకోవాలి. కొద్ది నెలల పనికి పోతున్నట్లయితే ఆ కాలానికి సరిపడా మాత్రలు అడగాలి. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉన్నది. చికిత్స పుస్తకాన్ని వెంట ఉంచుకోవాలి. దారిలో మందు అయిపోతే ఆ పుస్తకంతో దగ్గరలోని ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లాలి, ఒక్క రోజు కూడా ఊరుకోరాదు. సందేహాలకు 1097 ఉచిత సహాయవాణికి ఫోను చేయవచ్చు.

తెలిసిన ముఖం ఎదురవుతుందన్న జంకుతో కొందరు తమ జిల్లా కేంద్రం విడిచి సరిహద్దుకు ఆవలనున్న కేంద్రానికి పోతారు. ఖర్చు భరించలేక ఒకటి రెండు నెలలు తప్పడంతో చికిత్స దెబ్బతింటుంది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఒకరి వ్యాధి సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడం, ఉద్యోగంలో, బడిలో, వైద్యంలో వివక్ష చూపడం నిషిద్ధం. ఆ రక్షణ ఉన్నదని తెలిసినవారు ఇంటికి దగ్గరలోని కేంద్రానికే ధైర్యంగా వెళ్లగలరు.

బరువు వచ్చిందంటే శరీరం తన ఖర్చును తాను భరించుకోగల స్థితికి చేరిందని అర్థం. సీడీ4 పెరిగిందంటే కాపలా తిరిగి కుదురుకుంటున్నదని అర్థం. దాగి ఉన్న వైరస్ లేదని మాత్రం ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. కాబట్టి చికిత్స పొందుతున్న మనిషి ఉన్న ఇంటిలో రోజూ వేళకు మాత్ర, ఏటా వైరల్ లోడ్ పరీక్ష, నలభై దాటిన తరువాత చక్కెర, రక్తపోటు పరీక్షలు, ఇవి ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసిన విషయాలు.